అది వేపయేనా?

(మన సంఘమందిరమున యుగాది సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



యుగాది నాడు ఈ వేదికపై నిలుచువారు భాషను గూర్చియో, పంచాంగ ఫలములను గూర్చియో, సంఘపు ఆదాయవ్యయములను గూర్చియో మాటలాడుట మన ఆనవాయితీ. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి పప్పుధాన్యముల మండీలో గద్దెపై కూర్చున్నవారము. కార్యదర్శిగారు మమ్ము మాటలాడుమని కోరినపుడు ఏమి చెప్పుదుమా యని ఆలోచించి, తుదకు మన మందిరము పెరటిలో మొలచిన ఒక మొక్కను గూర్చి చెప్పుటకు నిశ్చయించితిమి. ఇంత చిన్న సంగతికి వేదిక యెందులకని కొందరు నవ్వవచ్చును. కాని ఆ మొక్క పేరు తెలిసికొనుటకు మనకు ఇంచుమించు సంవత్సరము పట్టినది. ఆ సంవత్సరములో కార్యవర్గము రెండు పక్షములైనది. కావున సంగతి అంత చిన్నది కాదు.

మన పెరటిలో బావి ప్రక్కన పెద్ద వేపచెట్టు ఉండెడిదని హోసూరిలో పెరిగిన మీలో ప్రతివారికిని తెలియును. దాని నీడలోనే మన పిల్లలు గుణింతములు దిద్దిరి. యుగాది పచ్చడికి పూవు ఆ చెట్టునుండియే కోసెడివారము. మన పొరుగున నున్న కన్నడిగులు బేవు-బెల్లమునకై వచ్చి కోసికొనిపోయెడివారు. తమ సంవత్సరాదికి వేప్పంపూ కావలెనని తమిళ సోదరులును వచ్చెడివారు. మూడు భాషల వారి పండుగలకు ఒక్క చెట్టు పూవిచ్చెడిది. 2021 మే మాసమున ఒక రాత్రి గాలివానకు ఆ చెట్టు వేళ్ళతో కూలిపోయినది. ఆనాటికి దానిపై కాయలు ఇంకను పచ్చివిగనే ఉండెను. ఆ పచ్చికాయల సంగతి జ్ఞాపకముంచుకొనుడు; దానితో ముందు పని కలదు. మరుసటి యుగాదికి వేపపూవు అంగడిలో పొట్లము కొని తెచ్చితిమి. ఆనాడు పచ్చడి తినుచు పెద్దలు కొందరు మౌనముగా నుండిరి.

2022 కార్తికమాసమున గ్రంథాలయపు గోడకు రెండడుగుల దూరమున ఒక మొక్క కనబడినది. జానెడు ఎత్తు; ఈనెకు ఇరుప్రక్కల రంపపుపండ్ల అంచులు గల చిన్న రేకులు. చూచినవారెల్లరు ఒక్కమాటగా “వేప!” అనిరి. “పాతచెట్టు బిడ్డ” అని ఒక పెద్దమనిషి కన్నుల నీరు పెట్టుకొనెను. అప్పటికే పెరడంతయు సిమెంటు చేయించుటకు తీర్మానమై యుండెను. ఆ పని ఆపితిమి. మొక్క చుట్టును ఇటుకలు పేర్చితిమి. స్త్రీలు పసుపు కుంకుమలు పెట్టిరి. కార్యవర్గ సమావేశపు పుస్తకములో “మన వేపమొక్క సంరక్షణ” అని శీర్షిక వ్రాసి ఒక పేజీ కేటాయించితిమి. అది వేపయేనా యని ఒక్కరును అడుగలేదు.

అడిగినవాడు ఆదివారపు బడిలో ఆరవ తరగతి చదువు కుఱ్ఱవాడు. “ఇది వేప యని మనకెట్లు తెలియును?” అనెను. ఆ ప్రశ్నకు మేమిచ్చిన సమాధానములను దాచక చెప్పెదము.

మొదటి సమాధానము నాలుకది. ఒక పెద్దాయన ఆకు త్రుంచి నమిలి, మొగము ముడిచి, “చేదు, కావున వేపయే” అని తీర్పు చెప్పెను. చేదుగా నున్నదెల్ల వేప యైనచో కాకరపాదును వేపయే కావలెను. అంతకంటె ముఖ్యముగా, పేరు తెలియని మొక్కను నోట పెట్టుట ప్రమాదమని తరువాత తెలిసికొని సిగ్గుపడితిమి. రెండవ సమాధానము చేతిఫోనుది. చిత్రము తీసిన పేరు చెప్పు సాధనములు ఇప్పుడు ప్రతి యువకుని చేతిలోను ఉన్నవి. మూడు దినములు మూడు చిత్రములు తీసిన అది మూడు పేర్లు చెప్పినది. అది యంత్రపు తప్పు అనలేము. లేతమొక్కలు చాల వరకు ఒకదానినొకటి పోలియుండును. ఒక ఆకు చిత్రములో తెలియునది కొంతయే. మూడవ సమాధానము వంటయింటిది. ఒక సోదరి అది కరివేప యనిరి. ఆకు నలిపి వాసన చూచితిమి. కరివేప నలిపిన వాసన దాగదు. దీనికి ఆ వాసన లేదు. కావున కరివేప కాదని మాత్రము తేలినది. మూడు సమాధానములలో పనికివచ్చినది ఈ యొక్కటియే. అదియును “ఏది కాదు” అను మాటయే.

ఇక్కడ మా వృత్తిధర్మము మాకు జ్ఞాపకము వచ్చినది. బస్తాపై వ్రాసిన పేరు చూచి సరుకు కొనువాడు వర్తకుడు కాడు. ఇనుపగొట్టము గుచ్చి మచ్చు తీసి, అరచేతిలో పోసి, వెలుతురులో చూచిన పిమ్మట ధర చెప్పవలెను. మిరియములలో ఎండిన బొప్పాయి గింజ కలిపెదరు. కంటికి రెండును ఒక్కటే. ఆవాలలో బ్రహ్మదండి గింజ కలియును. రెండును నల్లనివే, గుండ్రనివే. 1998లో ఢిల్లీ నగరమున బ్రహ్మదండి నూనె కలిసిన ఆవనూనె తిని అరువదిమందికి పైగా మరణించిరి. వేలమంది ఆసుపత్రుల పాలైరి. పోలికను చూచి పేరు పెట్టుట ఎంత దూరము పోవునో మా వర్తకులకు అంతకంటె చెప్పనక్కరలేదు. అట్టి మేము, మన పెరటిలోని మొక్క విషయమున మచ్చు చూడకయే సరుకు దింపుకొంటిమి. కారణమొక్కటే: అది వేప కావలెనని మనకు కోరిక. కోరిక బలముగా నున్నచోట కన్ను సగము మూసికొనును.

అందుచేత ఆ కుఱ్ఱవానిని, వ్యవసాయశాస్త్రము చదివిన మన సభ్యుని కుమార్తెను వెంటబెట్టుకొని మొదటినుండి ఆలోచించితిమి.

మొదటి ప్రశ్న: ఇది పాతచెట్టు వేరునుండి పుట్టిన పిలకయా? వేప మొదలునుండియు వేరునుండియు పిలకలు పెట్టుట కలదు. మట్టిని వ్రేళ్ళతో మెల్లగా తొలగించి చూచితిమి. పిలక యైనచో లావుపాటి పాతవేరుకు అంటియుండవలెను. దీనికి తన తల్లివేరు తనకే తిన్నగా క్రిందికి దిగియున్నది. కావున ఇది గింజనుండి మొలచినది.

రెండవ ప్రశ్న: ఆ గింజ పాతచెట్టుదా? వేపగింజకు ఆయువు తక్కువ. పండు రాలిన కొలది వారములలో, మహా యైన కొలది మాసములలో మొలచు శక్తి నశించును. అందుకే వేప నాటువారు తాజా గింజనే కోరుదురు. మన చెట్టు 2021 మే మాసమున పచ్చికాయలతో కూలినది. దాని కడపటి పండ్లు అంతకు ముందటి సంవత్సరపువి. అవి రెండేండ్లు మట్టిలో ఉండి 2022 కార్తికమున మొలచుట కల్ల. ఇది వేప యైనను కాకున్నను, పాతచెట్టు బిడ్డ మాత్రము కాదు. ఈ మాట చెప్పినపుడు మొదట కన్నీరు పెట్టుకొన్న పెద్దమనిషి మాతో కొన్ని దినములు మాటలాడలేదు.

మూడవ ప్రశ్న ఆకును గూర్చినది. మనము సాధారణముగా వేపాకు అని ఒక రేకును చూపుదుము. నిజమునకు అది ఆకు కాదు. ఆకులో ఒక భాగము. శాస్త్రజ్ఞులు దానిని పత్రకమందురు. ఏది ఆకు, ఏది పత్రకమని తెలిసికొనుటకు ఆ అమ్మాయి ఒక సులువైన ఉపాయము చెప్పినది. ఆకు కాడ కొమ్మకు అంటుకొను మూలలో చిన్న మొగ్గ యుండును. పత్రకపు మొదట మొగ్గ ఉండదు. మొగ్గ ఎక్కడ నున్నదో అక్కడినుండి చివరివరకు ఉన్నదంతయు ఒక్క ఆకు. పిల్లలారా, రేపు మీ ఇంటి ముందటి ఏ చెట్టునైనను ఈ విధముగా చూడుడు. మునగకు, చింతకు, గులాబీకి ఆకు ఎక్కడ మొదలగునో కనుగొనుడు. ఈ యొక్క సంగతి తెలియనివాడు చెట్లను పోల్చలేడు.

ఇట్లు చూచిన, వేపయాకులో నడిమి ఈనెకు ఇరుప్రక్కల పత్రకములు జంటలుగా నేరుగా అంటియుండును. ఒక్కొక్క పత్రకము కొడవలివలె వంగి, మొదట ఒక ప్రక్క వెడల్పుగను ఒక ప్రక్క ఇరుకుగను ఉండును. అంచు రంపమువలె నుండును. పెద్దమాను అను చెట్టుకును పత్రకముల అంచున పండ్లుండును గాని, దాని ఆకు చాల పెద్దది, నలిపిన దుర్వాసన వచ్చును. అదియును కాదని త్రోసివేసితిమి. ఇక మిగిలినది వేపయు, వేపను పోలిన మరియొకటియు.

నాలుగవ సంగతి ఆ కుఱ్ఱవాని జ్ఞాపకము. “మొదట ఒకే చోట మూడు మొలకలుండినవి, కలుపు తీయునపుడు రెండు పోయినవి” అని వాడు చెప్పెను. తన ఫోనులో తీసిన చిత్రమును చూపెను. నిజమే, మూడు మొలకలు ఒకదానినొకటి కౌగిలించుకొన్నట్లు ఒక్క బొక్కనుండి లేచియున్నవి. వేపకాయలో సాధారణముగా ఒక్క గింజయే. ఒక గింజకు ఒక మొలక. మూడు మొలకలు ఒక్కచోట ఎట్లు వచ్చెను? ఆనాడు సమాధానము చెప్పలేకపోతిమి.

అయిదవది, ఆకు రాలుట. ఆ చలికాలమున మన మొక్క ఆకులన్నియు రాల్చి పుల్లగా నిలిచినది. నీరు పోయలేదని తోటపని చేయువానిని మేము కోపపడితిమి. ఫాల్గుణమున అది తిరిగి చిగిర్చినపుడు అతనికి క్షమాపణ చెప్పవలసి వచ్చినది. వేప ఆకు రాల్చుట కలదు గాని, చలికాలమంతయు దిగంబరముగా నిలుచుట దాని స్వభావము కాదు.

అప్పుడు పరీక్షగా ఒక పని చేసితిమి. 2023 ఆషాఢమున, దేవాలయము ముందటి వేప, అందరు ఎరిగినది, దాని క్రింద రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, కుండీలో నాటితిమి. రెండు మూడు వారములలో మొలచినవి. మొదటి ఆకులు రెండు మొక్కలకును చీలికలుగనే యుండుటచే వానిని చూచి ఏమియు తేల్చలేకపోతిమి. కాని శ్రావణ భాద్రపదములలో సంగతి బయటపడినది. కుండీలోని వేపకు పత్రకములు నడిమి ఈనెకు నేరుగా అంటియుండగా, గోడదరి మొక్కకు ఆ యీనెనుండి ప్రక్క యీనెలు చీలి, ఆ ప్రక్క యీనెలపై పత్రకములు కనబడినవి. అనగా ఒక దాని ఆకు ఒక్కమారు చీలినది. రెండవదాని ఆకు రెండుమార్లు చీలినది. వేపయాకు ఎంత పెద్దదైనను రెండుమార్లు చీలదు. కుండీని గోడదరికి తెచ్చి రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి సభ్యులకు చూపితిమి. చూచిన పిమ్మట వాదించినవారు లేరు. అది వేప కాదు.

మరి ఏమిటి? ఇక్కడ మేము మరల సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. ప్రతి ఉదయము మన వాకిట పూలు అమ్ము అవ్వ యున్నది. ఆమె పెరటి పంపువద్ద నీరు త్రాగి పోవును. సంవత్సరము పొడుగున ఆ మొక్కను చూచుచునే యున్నది. ఒకనాడు మేము కుండీలను చూచి తల గోకుకొనుచుండగా ఆమె నవ్వి, “అది యాప గాదు సామీ, తురకయాప. ఒక్క బుడ్డకు నలుగురు బిడ్డలు పుడతారు దానికి. మా సిన్నప్పుడు ఆ బుడ్డలు దారానికి గుచ్చి మెడలో ఏసుకొనేవాళ్ళం” అనెను. ఇంతకాలము ఏల చెప్పలేదమ్మా యని అడిగితిమి. “ఎవురడిగినారు?” అనెను.

ఆమె మాటతో మిగిలిన ముడి విడిపోయినది. తురకవేప కాయలోని బుడ్డ గట్టిది. దానిపై నిలువు చాళ్ళుండును. లోపల నాలుగైదు అరలలో గింజలుండును. ఒక్క బుడ్డనుండి రెండు మూడు మొలకలు ఒక్కమారు లేచుట దానికి సహజము. ఆ బుడ్డకు నడుమ పుట్టుకతోనే రంధ్రముండుటచే పూసలుగా గుచ్చుట, జపమాలలు చేయుట పూర్వమునుండి కలదు. మొక్క మొదట మట్టి తొలగించి చూడగా చాళ్ళు గల బుడ్డ పెంకు దొరికినది. అవ్వయే మమ్ము వీధి చివరి ఖాళీస్థలమునకు తీసికొనిపోయి తల్లిచెట్టును చూపినది. ఆ చలికాలమున అది ఆకు లేక నిలిచియుండగా పసుపుపచ్చని కాయగుత్తులు మాత్రము వ్రేలాడుచుండెను. 2024 ఫాల్గుణమున పూచినది. వేపపూవు తెల్లనిది, దీని పూవు లేత ఊదారంగుది, నడుమ ముదురు ఊదా గొట్టము. పక్షులో గబ్బిలములో ఆ కాయను తెచ్చి మన గోడదరి వదలియుండును.

పేర్ల సంగతి కొంచెము చెప్పవలెను. మన ఊరు మూడు భాషల కూడలి గదా. మన వేప తమిళమున వేంబు, కన్నడమున బేవు. వేరు బేరైనట్లు, విల్లు బిల్లైనట్లు వేప బేవైనది, మాట ఒక్కటే. మన పల్లెవారు యాప యందురు. తురకవేపను మనవారు కొండవేప యనియు, కన్నడిగులు హుచ్చుబేవు, అనగా వెర్రివేప యనియు అందురు. తమిళులు మలైవేంబు అందురు గాని, తోటలలో కలపకై పెంచు మరియొక పెద్ద జాతికిని వారు ఆ పేరే వాడుదురు. కావున పేరు వినినంతనే సంగతి తీరిపోదు. ఏ చెట్టును చూపి ఆ పేరు చెప్పుచున్నారో చూడవలెను.

“తురక” యను మాటను పట్టుకొని ఒక సభ్యుడు ఇది పరాయిచెట్టు, పెరికివేయుదమనెను. అట్టి పేర్లలో ఆ మాటకు “మనమెరిగినది కాని మరియొకటి” అనియే భావము. సీమచింత, సీమవంకాయ యనుటలేదా? మన పూర్వులు క్రొత్త చెట్టును చూచినపుడు తమ ఇంటి చెట్టు పేరు దానికి తగిలించి ముందొక మాట చేర్చిరి. మహాపండితులును అట్లే చేసిరి. స్వీడను దేశపు లిన్నేయసు 1753లో చెట్లకు పేర్లు పెట్టునపుడు ఈ రెండు చెట్లను ఒక్క ప్రజాతిలోనే చేర్చి, దానికి మీలియా అని పేరిడెను. అది గ్రీకు భాషలో వారి దేశపు వేరొక చెట్టు పేరు. ఆకు పోలికను బట్టి పెట్టినది. తురకవేపను మీలియా అజెడరాక్ అనియు, మన వేపను మీలియా అజాడిరాక్తా అనియు అనెను. ఈ రెండు మాటలకును మూలము “స్వేచ్ఛగల వృక్షము” అను ఒక్క పారసీకపు మాటయే. 1830లో గాని ఫ్రాన్సు దేశపు జుస్యూ పండితుడు మన వేపను వేరుచేసి అజాడిరాక్తా ఇండికా అని పేరిడలేదు. మన కార్యవర్గము సంవత్సరములో విడదీసిన చిక్కు వారికి డెబ్బదేడేండ్లు పట్టినదని చెప్పి ఆ సభ్యుని నవ్వించితిమి. రెండును నేటికిని ఒకే కుటుంబపు చెట్లు, దాయాదులు.

కాని నవ్వుతో తీరని ప్రశ్న యొకటి ఉండెను. తురకవేప కాయ విషము. పక్షులు దాని గుజ్జు తినును, మనుష్యులు, ముఖ్యముగా పిల్లలు తినిన వాంతులు, విరేచనములు, నరముల నిస్త్రాణ కలుగును, ప్రాణమునకును ముప్పు. పసుపుపచ్చని గోలీవలె నుండు కాయ ఐదేండ్ల పిల్లవాని చేతికి అందుచోట నుండుట మంచిది కాదు. మరియు గోడకు రెండడుగులలో పెద్దచెట్టు పెరుగరాదు. ఇంకొక ప్రమాదము మనము తలచియే ఉండలేదు. వేప యని పుస్తకములో వ్రాసికొన్న చెట్టునుండి ముందొకనాడు ఎవరైనను వేపాకు యని కోసి కషాయము కాచి పిల్లలకు త్రాగింపకుందురా? వేపపూవు యని పచ్చడిలో వేయకుందురా? తప్పు పేరు పుస్తకములో ఒక్కమారు ఎక్కిన, వ్రాసినవారు పోయినను అది ఉండును. ఈ తలంపు వచ్చిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ పేజీ వ్రాసినది మా చేయియే.

సమావేశములో గట్టి వాదము జరిగినది. కొందరు నరికివేయుదమనిరి. కొందరు సంవత్సరము నీరు పోసి పెంచినది, నీడనిచ్చునది, కలపయు మంచిదే, ఉండనిండనిరి. తుదకు ఇట్లు తీర్మానించితిమి. చలికాలమున ఆకు రాల్చి నిద్రలో నున్నపుడు దానిని వేరుతో త్రవ్వి పెరటి వెనుకమూలకు, పిల్లలు ఆడని చోటికి మార్చవలెను. కాయలు వచ్చిన పిమ్మట రాలినవి ఊడ్పించు బాధ్యత కార్యవర్గముది. పరీక్షకై కుండీలో పెంచిన వేపను, దేవాలయపు చెట్టు బిడ్డను, బావి ప్రక్కన పాతచెట్టు ఉండిన చోట నాటవలెను. రెంటి వద్దను మూడు భాషలలో పేరు వ్రాసిన పలక పెట్టవలెను. వెనుకమూల పలకపై “కాయలు తినరాదు” అని ఎఱ్ఱ అక్షరములతో వ్రాయవలెను. పాత పేజీలో “వేపమొక్క” అను మాటను కొట్టివేసి, తప్పు ఎట్లు జరిగినదో క్రింద వ్రాసి మేము చేవ్రాలు చేసితిమి. చింపివేయుమని కొందరనిరి, చింపలేదు. మండీలో చిట్టా తప్పిన గీత గీసి సరిదిద్దుదుము గాని కాగితము చింపము.

రెండును బ్రతికినవి. పాతచెట్టు బిడ్డ కాదన్నందుకు మాతో మాటలు మానిన పెద్దమనిషియే ఇప్పుడు బావిప్రక్క వేపకు ప్రతి ఉదయము చెంబెడు నీరు పోయుచున్నారు. అది పాతచెట్టు బిడ్డ కాదని వారికి తెలియును. ఆ సంగతి వారును ఎత్తరు, మేమును ఎత్తము.

ఇక మీ ఇండ్లలో పేరు తెలియని మొక్క మొలచిన ఏమి చేయవలెనో మా అనుభవమున తేలిన మాటలు చెప్పి విరమించెదము. నోట పెట్టకుడు. వెంటనే పెరుకకుడు, గోడకు పునాదికి ముప్పు లేనిదైన ఒక వానకాలము చూడుడు. మొలచిననాడే చిత్రము తీసి తేదీ వ్రాయుడు. ఎన్ని మొలకలు లేచినవో లెక్కించుడు. మొగ్గను చూచి ఆకు ఎక్కడ మొదలగునో కనుగొనుడు. గిల్లిన పాలు వచ్చునా, నలిపిన వాసన వచ్చునా చూచి చేయి కడుగుకొనుడు. ఏ చెట్టని అనుమానమో ఆ చెట్టు గింజ తెచ్చి ప్రక్కనే నాటి పోల్చుడు. ఏ చెట్టు కావలెనని మీకు కోరిక యున్నదో ఆ పేరును మాత్రము కడపట పలుకుడు. అన్నింటికంటె ముందు, మీ వాకిట తిరుగు పెద్దవారిని అడుగుడు. మన పుస్తకములలో లేని చెట్లపేర్లు వారి నోట ఉన్నవి. వారు పోయిన ఆ పేర్లు పోవును. పేరు పోయిన చెట్టు విషమో మందో తెలియక మన పిల్లలు దాని క్రింద ఆడుదురు.

పిల్లలారా, ఈ యేటినుండి ఆదివారపు బడిలో ఒక నోటుపుస్తకము పెట్టుచున్నాము. మన వీధిలోని ఒక్కొక్క చెట్టు పేరును తెలుగు, తమిళ, కన్నడములలో వ్రాయవలెను; ఆ పేరు ఎవరు చెప్పిరో కూడ వ్రాయవలెను. మొదటి పుటలో తురకవేప ఎక్కినది. చెప్పినవారు అని ఉన్నచోట మన పూలవ్వ పేరు వ్రాసితిమి. ఆమెకు చదువు రాదు, చదివి వినిపించిన, “సరిగ్గా రాసినారా?” అని రెండుమార్లు అడిగినది.

నేటి పచ్చడిలోని వేపపూవు ఈ యేడును అంగడి పూవే. వేప పూచుటకు మూడు నుండి ఐదేండ్లు పట్టును. అంతవరకు కొనియే తినెదము. సభ ముగిసిన పిమ్మట అందరును పెరటిలోనికి దయచేయుడు. బావి ప్రక్కన ఒకటి, వెనుకమూల ఒకటి. ఏది యేదో పలక చూడక చెప్పగలిగిన పిల్లలకు మా మండీనుండి వేరుశనగ పొట్లములు సిద్ధముగా నున్నవి.